50.39 తర్వాత జోసెఫ్ స్కూలింగ్‌కి ఏమైంది?

మూసీగట్టు

అందరికీ నమస్కారం. మా పాపకి పదకొండేళ్లు. నాలుగేళ్లుగా ఈత కొడుతోంది. అన్నిట్లోకీ బటర్‌ఫ్లై (రెండు చేతులూ ఒకేసారి ముందుకు విసురుతూ కొట్టే ఈత) అంటే ప్రాణం. పోయిన వారం వాళ్ల కోచ్ నన్నూ మా ఆవిడనీ కూర్చోబెట్టి, "పిల్లలో సత్తా ఉంది. ఇక్కడే ఉంటే ఇంతకు మించి ఎదగదు. బెంగళూరు పంపడం గురించి ఆలోచించండి" అన్నారు. ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర లేదు.

మర్నాడు పాపకి రియో ఒలింపిక్స్ 100 మీటర్ల బటర్‌ఫ్లై ఫైనల్ వీడియో పెట్టాను. సింగపూర్ కుర్రాడు జోసెఫ్ స్కూలింగ్ 50.39 సెకన్లలో ఈది అమెరికా దిగ్గజం మైకేల్ ఫెల్ప్స్‌ని ఓడించిన రేసు. నాలుగుసార్లు చూసింది. తర్వాత "నాన్నా, ఈయన మళ్లీ ఏం గెలిచాడు?" అని అడిగింది. నేను వెతికి చూశాను. టోక్యో ఒలింపిక్స్‌లో తన హీట్‌లో (తొలి దశ రేసులో) ఆఖరి స్థానం. మధ్యలో గంజాయి గొడవ. 28 ఏళ్లకే రిటైర్మెంట్. పాపకి ఏం చెప్పాలో తోచలేదు.

ఆయన కెరీర్‌ని దగ్గరగా గమనించినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. అసలేం జరిగింది? ఒక్క నిమిషం కూడా లేని ఆ రేసు కోసం ఆ తల్లిదండ్రులు పడ్డదంతా ఎలా చూడాలి?

స్టాప్‌వాచ్

ముందు లెక్కలు రాస్తాను, మాటలు తర్వాత.

పుట్టింది 1995 జూన్ 16, సింగపూర్‌లో. 2012 లండన్ ఒలింపిక్స్‌కి వెళ్లేనాటికి 17 ఏళ్లు. 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 100 బటర్‌ఫ్లై రజతం. అదే ఏడాది ఇంచియాన్ ఆసియా క్రీడల్లో అదే ఈవెంట్‌లో స్వర్ణం, టైమ్ 51.76. సింగపూర్ మగ ఈతగాడికి ఆసియా క్రీడల్లో స్వర్ణం రావడం 1982 తర్వాత అదే. 1982లో గెలిచింది ఆంగ్ పెంగ్ సియోంగ్, 100 ఫ్రీస్టైల్‌లో, మన ఢిల్లీలోనే. అదే ఏడాది 50 ఫ్రీస్టైల్‌ని 22.69లో ఈది ప్రపంచంలోనే వేగమైన ఈతగాడు అనిపించుకున్నది కూడా ఆయనే. అంతటివాడు 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో పతకం లేకుండా తిరిగొచ్చాడు. అంటే స్కూలింగ్ ఏమీ లేని చోట నుంచి ఊడిపడలేదు. సింగపూర్‌కి ఈతలో ఒక తీరని కోరిక అప్పటికే ఉంది.

2015లో సొంతగడ్డ మీద ఆగ్నేయాసియా క్రీడలు. తొమ్మిది ఈవెంట్లలో దిగి తొమ్మిదింట్లోనూ స్వర్ణాలు. అదే ఏడాది కజాన్ ప్రపంచ చాంపియన్‌షిప్స్‌లో 50.96తో కాంస్యం. ఆ పోటీల్లో సింగపూర్‌కి అదే మొదటి పతకం.

2016 ఆగస్టు 12, రియో. టైమ్ 50.39, ఒలింపిక్ రికార్డు. రెండో స్థానంలో ముగ్గురు: ఫెల్ప్స్, దక్షిణాఫ్రికా చాడ్ లె క్లోస్, హంగరీ లాస్లో చే. ముగ్గురిదీ 51.14. ముగ్గురికీ రజతాలే, కాంస్యం ఎవరికీ ఇవ్వలేదు.

2017 బుడాపెస్ట్‌లో 50.83, బ్రిటన్ జేమ్స్ గైతో కలిసి కాంస్యం. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో 50, 100 బటర్‌ఫ్లై రెండింట్లోనూ స్వర్ణం. 2019 గ్వాంగ్జూ ప్రపంచ పోటీల్లో హీట్స్ దాటలేదు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో 53.12. 2024 ఏప్రిల్ 2న రిటైర్మెంట్ ప్రకటించాడు.

మూసీగట్టు గారూ, ఒక్క విషయం సరిచేస్తాను. "మళ్లీ ఏం గెలిచాడు" అన్న ప్రశ్నకి "ఏమీ గెలవలేదు" అన్నది జవాబు కాదు. రియో తర్వాత ప్రపంచ కాంస్యం ఉంది, రెండు ఆసియా స్వర్ణాలున్నాయి. అవే ఒక భారతీయ ఈతగాడికి వచ్చుంటే ఈపాటికి పాఠ్యపుస్తకంలో పాఠం అయ్యుండేది.

తాంపనీస్_తెలుగు

నేను 2004 నుంచి సింగపూర్‌లోనే ఉంటున్నాను. ఆ పొద్దున సంగతి చెబుతాను.

ఇక్కడ శనివారం, ఉదయం తొమ్మిది దాటింది. మా బ్లాకు కింద కాఫీషాపులో టీవీ ముందు జనం మూగారు. టిఫిన్ తిందామని పిల్లల్ని తీసుకెళ్లిన వాణ్ని అక్కడే ఆగిపోయాను. ఇక్కడివాళ్లు మామూలుగా గట్టిగా అరిచే మనుషులు కారు. ఆ రోజు మాత్రం పక్క టేబుల్ దగ్గరున్న పెద్దాయన, ఎప్పుడూ పలకరించి ఎరగడు, నా భుజం పట్టుకుని ఊపేశాడు. కళ్లనిండా నీళ్లు. స్వాతంత్ర్యం వచ్చిన 1965 నుంచి అప్పటిదాకా ఈ దేశ గీతం ఒలింపిక్స్‌లో ఒక్కసారి కూడా మోగలేదు. ఆ రోజు మోగింది.

బయటివాళ్లకి తెలియని సంగతి ఇంకొకటుంది. అంతకు ముందు 1960 రోమ్‌లో వెయిట్‌లిఫ్టర్ తాన్ హోవ్ లియాంగ్‌కి రజతం వచ్చింది. ఆ తర్వాత పతకం మళ్లీ 2008లోనే. 2008లో, 2012లో పతకాలు తెచ్చింది టేబుల్ టెన్నిస్ అమ్మాయిలు. వాళ్లు చైనాలో పుట్టి ఇక్కడికొచ్చి పౌరసత్వం తీసుకున్నవాళ్లు. వాళ్ల కష్టాన్ని తక్కువ చేయను, కానీ జనం మనసులో ఏదో వెలితి ఉండేది. స్కూలింగ్ ఇక్కడే పుట్టినవాడు. తండ్రి కోలిన్ యూరేషియన్ (ఐరోపా, ఆసియా మూలాలు కలిసినవాడు), ఆ కుటుంబం ఇక్కడ తరాలుగా ఉంది. తల్లి మే మలేసియాలో పుట్టారు. ఇంటిపేరు, రంగు చూసి ఇతనూ బయటినుంచి వచ్చినవాడే అని ఇంటర్నెట్‌లో రాసినవాళ్లున్నారు. ఆ మాటకి కోలిన్ ఎంత నొచ్చుకునేవారో ఇక్కడి పత్రికల్లో చదివాను. జోసెఫ్‌కి తాత వరసైన లాయిడ్ వాల్‌బర్గ్ 1948 లండన్ ఒలింపిక్స్‌లో హైజంప్ చేశాడు. సింగపూర్ తరఫున ఒలింపిక్స్‌కి వెళ్లిన మొట్టమొదటి మనిషి ఆయనే! ఆ తాతగారి సంగతి విన్నాకే జోసెఫ్‌కి ఒలింపిక్స్ కల మొదలైందట.

ఆగస్టు 15న ఊళ్లో దిగాడు. పార్లమెంటుకి తీసుకెళ్తే సభ్యులంతా చప్పట్లు కొట్టారు. 18న ఓపెన్ టాప్ బస్సు మీద ఊరేగింపు. మా అబ్బాయి బడి నుంచి వచ్చి "నాన్నా, నేను చూశాను, చెయ్యి ఊపాడు" అని వారం రోజులు అదే చెప్పాడు.

తెనాలి_అమ్మ

తాంపనీస్ అన్నయ్యా, చదువుతుంటే ఒళ్లు గగుర్పొడిచింది. సరిగ్గా వారం తర్వాత మన సింధు రజతం గెలిచిన రోజు గుర్తొచ్చింది. హైదరాబాద్‌లో ఊరేగింపు జరిగితే టీవీ ముందు నుంచి లేవలేదు మేం.

నేను అడిగేది ఆ తల్లి గురించి. బాబుని ఎన్నో ఏట అమెరికా పంపారు? ఒక్కణ్నే పంపారా?

తాంపనీస్_తెలుగు

2009లో, అప్పటికి పద్నాలుగేళ్లు. ఫ్లోరిడా రాష్ట్రంలో జాక్సన్‌విల్ అనే ఊళ్లో బోల్స్ స్కూల్ ఉంది, ఈతకి పేరు మోసింది. అక్కడ కోచ్ సెర్జియో లోపెజ్. స్పెయిన్ ఆయన, 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 200 బ్రెస్ట్‌స్ట్రోక్ కాంస్యం. తల్లీ తండ్రీ వంతులు వేసుకుని అక్కడ ఉండేవాళ్లు. ఒకరు జాక్సన్‌విల్‌లో ఉంటే ఇంకొకరు ఇక్కడ వ్యాపారం చూసుకోవాలి. ఒక్కడే కొడుకు. అంటే ఆ భార్యాభర్తలు కొడుకు ఈత కోసం ఏళ్ల తరబడి విడివిడిగా కాపురం చేశారు. తర్వాత టెక్సస్ విశ్వవిద్యాలయం, అక్కడ ఎడ్డీ రీస్ దగ్గర శిక్షణ.

తెనాలి_అమ్మ

పద్నాలుగేళ్లా! మా చిన్నోణ్ని ఎనిమిదో తరగతిలో హాస్టల్లో వేసి వచ్చిన రోజు గేటు దగ్గర వాడు వెనక్కి తిరిగి చూడలేదు. నన్ను చూస్తే ఏడుస్తానని చూడలేదట, చాన్నాళ్లకి చెప్పాడు. మన ఊళ్లలో ర్యాంకు కోసం ఇది ఇంటింటా చేస్తున్నాం, ఎవరూ తప్పు పట్టరు. అదే ఈత కోసమంటే చుట్టాలంతా "పిచ్చా మీకు" అంటారు. మూసీగట్టు తమ్ముడూ, నువ్వు ఆ మాటలకి మాత్రం భయపడకు. పాపని ఒంటరిగా పంపడమా, మీలో ఒకరు వెంట వెళ్లడమా, అది ఆలోచించు. ఆ మే గారు చేసింది అదే కదా.

గోదారిబిడ్డ

నాదొక వేరే మాట. ఎవరూ కోపం తెచ్చుకోకండి.

బడి అమెరికాలో, యూనివర్సిటీ అమెరికాలో, కోచ్‌లు బయటివాళ్లు. గెలిచిన పతకం మీద సింగపూర్ వాటా ఎంత? డబ్బున్న తల్లిదండ్రులు సొంత ఖర్చుతో పంపించుకున్నారు. గెలిచాక దేశం బస్సెక్కించింది. మన దగ్గర జరిగేదీ ఇదే కదా? గెలిచేదాకా ఎవరూ కనపడరు, గెలిచాక ప్రతివాడూ ఫొటోలో ఉంటాడు.

తాంపనీస్_తెలుగు

సగం నిజం. మొదట్లో భారమంతా తల్లిదండ్రులదే. కానీ సింగపూర్ ఇచ్చింది ఒకటుంది. డబ్బు కంటే పెద్దది. అదే సమయం.

ఇక్కడ మగపిల్లలందరికీ పద్దెనిమిది నిండాక రెండేళ్లు నేషనల్ సర్వీస్ (నిర్బంధ సైనిక సేవ) తప్పదు. పౌరులకే కాదు, రెండో తరం పర్మనెంట్ రెసిడెంట్లకీ అంతే. ఇక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలన్నీ ఇంట్లో మాట్లాడుకునే విషయం ఇది. మా పెద్దోడు కూడా చేశాడు. చాంగీ దగ్గర పడవెక్కి తెకాంగ్ దీవికి వెళ్లి, గుండు కొట్టించుకుని, తుపాకీ పట్టి, రెండేళ్లకి మనిషై వచ్చాడు. వాణ్ని దించి వచ్చిన రోజు మా ఆవిడ అన్నం ముట్టలేదు.

ఇప్పుడు ఆలోచించండి. ఈతగాడికి 18 నుంచి 20 ఏళ్ల వయసు ఎంత విలువైనది! ఆ రెండేళ్లు నీళ్లకి దూరమైతే తిరిగి అందుకోవడం కష్టం. 2013లో కోలిన్, మే అర్జీ పెట్టుకుంటే రక్షణ శాఖ 2016 ఆగస్టు దాకా వాయిదా ఇచ్చింది. క్రీడల కోసం అలా ఇవ్వడం చాలా చాలా అరుదు. రియో గెలిచాక టోక్యో ఒలింపిక్స్ దాకా పొడిగించారు. ఆ మూడేళ్లు ఇవ్వకపోతే 50.39 లేదు. నా మాట ఇదే.

పతకానికి పది లక్షల సింగపూర్ డాలర్ల బహుమతి కూడా ఉంది. అందులో అయిదోవంతు ఈత సంఘానికి శిక్షణ కోసం ఇవ్వాలన్నది నిబంధన.

గోదారిబిడ్డ

మీ అబ్బాయి వెళ్లాడు, స్కూలింగ్ వెళ్లలేదు. మీకు బాధ అనిపించలేదా? 2018లో బెన్ డేవిస్ అనే పదిహేడేళ్ల కుర్రాడికి ఇంగ్లండ్‌లో ఫుల్హమ్ క్లబ్‌తో ఫుట్‌బాల్ కాంట్రాక్టు వస్తే ఆ వాయిదా ఇవ్వలేదు కదా. ఒకరికి ఒక న్యాయం, ఇంకొకరికి ఇంకొకటా?

తాంపనీస్_తెలుగు

మా వాణ్నే అడిగాను ఆ ప్రశ్న, వాడు యూనిఫాంలో సెలవు మీద ఇంటికొచ్చినప్పుడు. "నాన్నా, నేను రెండేళ్లు ఇచ్చాను, ఆయన పదేళ్లు ఇచ్చాడు" అన్నాడు. నాకు ఇంకేమీ అనాలనిపించలేదు.

బెన్ డేవిస్ సంగతిలో ఇక్కడ కూడా జనం రెండుగా చీలిపోయారు. ప్రభుత్వం చెప్పిన తేడా ఏమిటంటే, వాయిదా ఇచ్చేది దేశం తరఫున ఒలింపిక్స్ లాంటి చోట పతకం తెచ్చే అవకాశం ఉంటేనని, సొంత వృత్తి కోసం కాదని. ఆ గీత సరైన చోట గీశారా అంటే నాకూ అనుమానమే. ఆ కుర్రాడి తండ్రి స్థానంలో ఉంటే నాకూ కడుపు మండేది. అయితే స్కూలింగ్ ఎగ్గొట్టలేదు. 2022 జనవరిలో చేరాడు, మిగతా పిల్లల్లాగే పూర్తి చేశాడు. అందరూ పద్దెనిమిదికి చేసేది అతను ఇరవై ఆరుకి మొదలుపెట్టాడు.

నాలుగోలేను

ఆలస్యంగా చూశాను ఈ చర్చ. నేను ఒకప్పుడు రాష్ట్రస్థాయిలో ఈదినవాణ్ని, ఇప్పుడు పిల్లలకి నేర్పుతున్నాను. మా తాత ఊరి బావిలో నా నడుముకి ఎండిన సొరకాయ బుర్ర కట్టి దింపాడు, నా ఈత అక్కడ మొదలైంది. గచ్చిబౌలిలో మొదటిసారి యాభై మీటర్ల కొలను చూసినప్పుడు అవతలి గోడ కనపడుతుందా అనిపించింది. ఆ రియో రేసు ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. నీళ్లలో ఏం జరిగిందో చెబుతాను.

బటర్‌ఫ్లైలో దూకాక ఒకసారి, గోడ తన్నాక ఒకసారి, నీళ్ల అడుగున పదిహేను మీటర్లదాకా డాల్ఫిన్‌లాగా నడుం, కాళ్లు ఊపుతూ పోవచ్చు. పదిహేను దాటేలోపు తల పైకి రావాలి. వంద మీటర్ల రేసులో దాదాపు మూడోవంతు నీళ్లకింద జరిగే ఆట ఇది. పాతకాలం బటర్‌ఫ్లై భుజాల బలం, ఇప్పటిది పొట్ట కండరాల బలం. మూసీగట్టు గారూ, మీ పాపకి ఎవరైనా ఇప్పటినుంచే చేతుల మీద బరువు పెడుతుంటే ఆపించండి. కిక్ ముందు.

ఫెల్ప్స్ ఎప్పుడూ రెండో సగంలో వెనకనుంచి వచ్చి మింగేసేవాడు. 2008 బీజింగ్‌లో సెర్బియా చావిచ్‌ని 0.01 సెకనుతో కొట్టింది అలాగే. అందుకే అతనితో ఈదేవాళ్లందరికీ చివరి పాతిక మీటర్లంటే భయం. స్కూలింగ్ మొదటి యాభైలోనే అందరికంటే ముందున్నాడు, 23.64కి గోడ తాకాడు. అంత వేగంగా వెళ్లినవాడు చివర్లో చేతులు బరువెక్కి ఆగిపోవాలి. అతను ఆగలేదు. చివరికి తేడా 0.75 సెకను. అంటే దూరంలో దాదాపు మీటరున్నర! 0.01తో బంగారం తేలే ఈవెంట్‌లో మీటరున్నర ముందు గెలిచాడు. ఫెల్ప్స్ ఒలింపిక్ జీవితంలో సొంతంగా ఈదిన ఆఖరి రేసు అదే, ఆ తర్వాత రిలే ఒక్కటే.

చదువరి

చిన్న సందేహం. ముగ్గురూ 51.14 అంటే నిజంగా ఒకేసారి తాకారా? వెయ్యోవంతు కొలిస్తే తేలదా?

నాలుగోలేను

కొలవగలరు, కానీ కొలవరు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 400 మెడ్లీలో (నాలుగు రకాల ఈతలూ కలిసిన రేసు) స్వీడన్ గున్నార్ లార్సన్, అమెరికా టిమ్ మెక్కీ ఇద్దరికీ ఒకే టైమ్ వస్తే 0.002 సెకను తేడా చూసి లార్సన్‌కి బంగారం ఇచ్చారు. ఆ తర్వాత నిబంధన మార్చి వందోవంతుతో ఆపేశారు. కారణం కొలను. కట్టేటప్పుడు ఒక లేన్‌కీ ఇంకో లేన్‌కీ పొడవులో రెండు మూడు సెంటీమీటర్ల తేడా ఉన్నా ఆమోదిస్తారు. ఈ వేగంతో ఈదే మనిషి వెయ్యోవంతు సెకనులో కదిలేది రెండు మిల్లీమీటర్లు. కొలనులోనే సెంటీమీటర్ల తేడా పెట్టుకుని మిల్లీమీటర్లతో మనిషిని ఓడించడం అన్యాయం. అందుకే మూడు రజతాలు.

ఆ ముగ్గురూ పోడియం మీద చేతులు పట్టుకుని ఒకేసారి ఎక్కిన దృశ్యం చూడండి. పక్కన ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు. 2008లో బీజింగ్‌కి ముందు అమెరికా జట్టు సింగపూర్‌లో సాధన చేసింది. అప్పుడు కళ్లద్దాలు పెట్టుకుని ఫెల్ప్స్ పక్కన నిలబడి ఫొటో దిగిన పదమూడేళ్ల పిల్లవాడు ఇతనే.

మూసీగట్టు

ఆ ఫొటో మా పాపకి చూపించాను. గంటసేపు ఏం మాట్లాడలేదు.

కానీ నా ప్రశ్న అలాగే ఉంది. 50.39 నుంచి 53.12కి ఎలా పడిపోయాడు?

గోదారిబిడ్డ

డబ్బు, పేరు వచ్చాయి, ఆకలి పోయింది. నాకు తోచింది ఇదే. మనిషి ఎవరైనా అంతే.

నాలుగోలేను

అంత తేలిగ్గా అనేయకండి.

లండన్ సంగతి తీసుకోండి. పదిహేడేళ్ల వయసులో 200 బటర్‌ఫ్లై హీట్‌కి కొద్ది నిమిషాల ముందు "నీ క్యాపుకీ గాగుల్స్‌కీ ఆమోదం లేదు" అన్నారు. వేరేవి వెతుక్కుని పెట్టుకునేలోపు పిల్లవాడి మనసు చెదిరిపోయింది. 1:59.18 ఈదాడు. తన అసలు టైమ్‌కి దరిదాపుల్లో లేదు. అక్కడితో ఆగిపోయేవాళ్లు చాలామంది ఉంటారు. అతను ఆగలేదు, నాలుగేళ్లు ఆ బాధ మోసుకుని రియోకి వెళ్లాడు. ఆకలి లేనివాడు చేసే పని కాదది.

రియో తర్వాత ఏమైందంటే, ఈవెంటే మారిపోయింది. 2017లో అమెరికా కేలెబ్ డ్రెసెల్ 49.86 ఈదాడు. హంగరీ క్రిస్టోఫ్ మిలాక్ వచ్చాడు. టోక్యోలో డ్రెసెల్ 49.45 ప్రపంచ రికార్డు, మిలాక్ 49.68. అదే సమయంలో స్కూలింగ్ వేగం తగ్గుతూ వచ్చింది. ఒకటి ఎక్కుతూ, ఇంకొకటి దిగుతూ. టోక్యోలో తన రియో రూపం నుంచి దాదాపు ఐదు మీటర్లు వెనకబడ్డట్టు లెక్క.

కారణం ఒక్కటే ఉండదు. శిఖరానికి ఎక్కిన మర్నాడు పొద్దున నాలుగున్నరకి మళ్లీ చన్నీళ్లలో దూకాలి. ఎవరి కోసం, దేని కోసం అన్న ప్రశ్న కొలను అడుగున మనతోనే ఈదుతూ ఉంటుంది. ఈత ఒంటరి ఆట. తల నీళ్లలో ఉంటుంది, మాటలు వినపడవు, కిందనున్న నల్ల గీత ఒక్కటే కనపడుతుంది. మేం రాష్ట్రస్థాయిలోనే ఆ ప్రశ్నకి తట్టుకోలేకపోయాం. ఒలింపిక్ స్వర్ణం తర్వాత అది ఎంత గట్టిగా వినపడుతుందో ఊహించగలను.

స్టాప్‌వాచ్

అన్నా, ఈవెంట్ మారిందన్నారు కాబట్టి ఒక లెక్క చేర్చనివ్వండి. టోక్యో కాంస్యం స్విట్జర్లాండ్ నోయె పోంటీది, 50.74. 2024 పారిస్ కాంస్యం కెనడా ఇల్యా ఖరూన్‌ది, 50.45. అంటే స్కూలింగ్ 2016లో ఈదిన 50.39, ఎనిమిదేళ్ల తర్వాత పారిస్‌లో కూడా పతకం తెచ్చేది. ఇరవై ఒక్కేళ్లకి, అరవై లక్షల మంది కూడా లేని దీవి నుంచి వచ్చి ఈదిన టైమ్ అది.

నాలుగోలేను

ఈ పోలిక నాకు తట్టలేదు. రాసి పెట్టుకుంటున్నాను, రేపు పిల్లలకి చెబుతాను.

తెనాలి_అమ్మ

గంజాయి మాట ఎవరూ ఎత్తడం లేదు. పాపకి చెప్పాలంటే అదీ చెప్పాలిగా.

తాంపనీస్_తెలుగు

చెప్పాలమ్మా. దాచితే రేపు ఆ పిల్లే వెతికి తెలుసుకుంటుంది.

ముందు ఒకటి తెలియాలి. తండ్రి కోలిన్ 2021 నవంబర్‌లో పోయారు, కాన్సర్. టోక్యో జరిగిన కొద్ది నెలలకే. కొడుకుని తొలినాళ్లనుంచి కొలనుకి తిప్పిన మనిషి, కొడుకు బయటివాడన్న మాట పడ్డ మనిషి. ఆయన పోయిన రెండు నెలలకి కొడుకు గుండు కొట్టించుకుని సైన్యంలో చేరాడు. మే నెలలో ఆగ్నేయాసియా క్రీడల కోసం సైన్యం అనుమతితో వియత్నాం వెళ్లాడు. అక్కడ గంజాయి తాగాడు. విచారణలో మూత్ర పరీక్షలో ఏమీ తేలలేదు, అయినా అడిగితే ఒప్పుకున్నాడు. ఆగస్టు 30న రక్షణ శాఖ ప్రకటించింది. రాతపూర్వక హెచ్చరిక, ఆరు నెలల పాటు మూత్ర పరీక్షలు. సర్వీసులో ఉండగా సాధనకీ పోటీలకీ ఇకపై సెలవు లేదన్నారు.

ఇక్కడి చట్టం మీకు తెలుసుగా. దేశం బయట తీసుకున్నా పౌరుడికి నేరమే. చాంగీ విమానాశ్రయంలో దిగుతుంటేనే మత్తుమందుల రవాణాకి మరణశిక్ష అన్న హెచ్చరిక వినపడే దేశం ఇది. ఆ రోజు మా ఆఫీసులో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఇంట్లో మనిషి తప్పు చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. అతను బహిరంగంగా క్షమాపణ చెప్పాడు, జీవితంలో చాలా కష్టమైన కాలం గడిచాక ఒక బలహీన క్షణానికి లొంగిపోయానన్నాడు.

తప్పు తప్పే. నేను వెనకేసుకురాను. కానీ ఆ శిక్షలో ఈతగాడికి తగిలింది హెచ్చరిక కాగితం కాదు, సాధన ఆగిపోవడం. ఇరవై ఏడేళ్ల వయసులో నీళ్లకి దూరం కావడమంటే కెరీర్‌కి అక్కడే తెర పడ్డట్టు. 2024 ఏప్రిల్‌లో ప్రకటన వచ్చేసరికి మాకెవరికీ ఆశ్చర్యం కలగలేదు. దిగులు మాత్రం కలిగింది.

గోదారిబిడ్డ

తండ్రి సంగతి నాకు తెలియదు. ఆకలి పోయింది అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

అయినా ఒక మాట మాత్రం నిలబెడతాను. అతనొక్కడి మీద అంత బరువు పెట్టడం తప్పు. దేశమంతా ఒక్క కుర్రాడి భుజాల మీద కూర్చుంది. మన దగ్గర కూడా ఒక్క పతకం వస్తే ఆ పిల్లనో పిల్లాణ్నో ఊపిరాడనివ్వం. ప్రతి సభకీ పిలుస్తాం, నాలుగేళ్ల తర్వాత "ఏమైంది" అని నిలదీస్తాం.

తాంపనీస్_తెలుగు

ఇందులో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. అతనికి తోడు లేకపోలేదు. క్వా జెంగ్ వెన్ అనే ఇంకో ఈతగాడు ఉన్నాడు, అతనికీ సర్వీసు వాయిదా ఇచ్చారు. అంతకు ముందు తావో లీ 2008 బీజింగ్‌లో 100 బటర్‌ఫ్లైలో ఐదో స్థానంలో నిలిచింది. సింగపూర్ నుంచి ఈతలో ఒలింపిక్ ఫైనల్‌కి చేరిన మొదటి మనిషి ఆ అమ్మాయే. కానీ పత్రికల మొదటి పేజీ మాత్రం ఎప్పుడూ ఒక్కడిదే.

ఇక్కడి పబ్లిక్ ఈత కొలనులకి వెళ్లి చూడండి. టికెట్ చాలా తక్కువ, మా ఇంటినుంచి నడిచి వెళ్లొచ్చు. శనివారం పొద్దున బటర్‌ఫ్లై లేన్‌లో చిన్న పిల్లలు నీళ్లు చిమ్ముతూ ఉంటారు. మా చిన్నది కూడా అందులోనే. 2025లో ప్రపంచ చాంపియన్‌షిప్స్ సింగపూర్‌లోనే జరిగాయి. దాన్ని తీసుకెళ్లాను. హీట్స్ జరుగుతుంటే గ్యాలరీలో చుట్టూ పిల్లలే, స్టార్ట్ లిస్టు పట్టుకుని పేర్లు చదువుతూ.

మూసీగట్టు

మీ అందరి పోస్టులూ రాత్రి ఇంట్లో చదివి వినిపించాను. గంజాయి సంగతీ చెప్పాను, తండ్రి పోయిన సంగతీ చెప్పాను. పాప అంతా విని, "ఆయన ఇప్పుడు ఈత కొట్టడా, ఊరికే అయినా?" అని అడిగింది. నాకు జవాబు తెలియదు. కొడుతూనే ఉంటాడని నమ్ముతున్నాను.

మేం ఒక నిర్ణయానికి వచ్చాం. ఇంకో రెండేళ్లు ఇక్కడే. పన్నెండు, పదమూడు దాటాక కూడా పిల్లకి ఇదే ఇష్టం ఉంటే మా ఆవిడ ఉద్యోగం బదిలీ పెట్టుకుని పాపతో బెంగళూరు వెళ్తుంది. ఒంటరిగా మాత్రం పంపం. తెనాలి అక్కా, అది మీ మాటే.

నాలుగోలేను గారూ, కిక్ ముందు అన్నారు కదా. ఈ వయసుకి నీళ్ల అడుగున డాల్ఫిన్ కిక్ ఎంతదూరం వేయించవచ్చు? వాళ్ల కోచ్ పన్నెండు మీటర్లు అంటున్నారు, పాప ఎనిమిదికే పైకి వచ్చేస్తోంది.

నాలుగోలేను

ఎనిమిది చాలు. దూరం చూడకండి, ఎన్ని కిక్కులకి ఎనిమిది వచ్చిందో లెక్కపెట్టమనండి. ఇవాళ తొమ్మిది కిక్కులైతే నెల తర్వాత ఏడులో రావాలి. ఊపిరి బిగబట్టించి పందేలు మాత్రం పెట్టనివ్వకండి. నీళ్లకింద స్పృహ తప్పితే పైనున్నవాళ్లకి తెలియదు. ఎప్పుడూ ఒక పెద్దమనిషి గట్టు మీద నిలబడి చూస్తూ ఉండాలి.

ఆదివారం గచ్చిబౌలి వైపు వస్తే పాపని తీసుకురండి. పొద్దున ఆరింటికి నేను అక్కడే ఉంటాను.

మూసీగట్టు

వస్తాం. పాప అప్పుడే బ్యాగ్ సర్దింది.